చల్లారిన పిమ్మట తినే అన్నం - పులిహోర

దుగ్గిరాల పేరు వినగానే పసుపు గుర్తుకు వస్తుంది. కృష్ణా కాలువల కింద పండిన కొమ్ములు బస్తాలతో ఇక్కడి మార్కెట్ యార్డుకు వచ్చి చేరుతాయి. ఈ ఊరు విజయవాడ - తెనాలి రైలు మార్గం మీద ఉన్నది. తెల్లవారుతూనే క్యారేజీ చేతబట్టుకుని అటో ఇటో ప్రయాణమయ్యేవారికి మధ్యాహ్నం దొరికేది చల్లని అన్నమే. అది ఎటువంటిదై ఉండాలి?

చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారం వేడిగా, స్నిగ్ధంగా, తగు మాత్రలో, మునుపు తిన్నది జీర్ణమైన తరువాత భుజించాలని చెప్పబడినది. వేడిగా తినే వీలు లేనివారికి మన వంటయిల్లు చూపిన ఉపాయం పులిహోర. నువ్వులనూనె, ఆవాలు, అల్లం, ఇంగువ, పసుపు, మిరప - ఇవన్నీ ఉష్ణవీర్య ద్రవ్యాలు. అన్నంలో లోపించిన వేడిని ఇవి జఠరాగ్నికి అందిస్తాయి. నూనె స్నిగ్ధత్వాన్ని ఇస్తుంది. అమెరికాలో స్థిరపడిన ఇటలీవారు పొడవాటి రొట్టెను చీల్చి, లోపల కూరముక్కలు పేర్చి, నూనె, వెనిగర్ చిలకరించి చల్లగానే తింటారు. పులుపూ నూనే లోపలికి ఇంకాలన్న సూత్రం అక్కడా ఇదే.

అయితే చాలా ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతున్నది. రాత్రి మిగిలిన అన్నాన్ని ఉదయం పోపు వేసి, పులుపు కలిపి పిల్లల డబ్బాలో పెడుతున్నారు. ఇది ప్రమాదకరం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అవి ఉడికించినా చావవు. గిన్నెలో కుప్పగా ఉన్న అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి, విషపదార్థాన్ని విడుదల చేస్తాయి. దానివలన వాంతులు కలుగుతాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా నశించదు. పైన కలిపిన చింతపండు దానిని విరచలేదు. పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డగిస్తుందే గాని, అప్పటికే పుట్టిన విషానికి విరుగుడు కాదు. కనుక పులిహోరకు ఆ పూట వండిన అన్నమే వాడాలి. (నీళ్ళు పోసి పులియబెట్టే చద్దన్నం సంగతి వేరు, దానికి మరొక వ్యాసం కావాలి.)

ముగ్గురికి సరిపోవడానికి 250 గ్రాముల పాత బియ్యం, 40 గ్రాముల చింతపండు తీసుకోవాలి. చింతపండు చిక్కని గుజ్జు తీసి, ఉప్పు, చిటికెడు మెంతిపొడి, చిన్న బెల్లంముక్క, రెండు చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి, దగ్గరపడేవరకు ఉడికించాలి. రాచ్చిప్ప గాని, స్టీలు పాత్ర గాని మేలు. అల్యూమినియం పనికిరాదు, పులుపుకు లోహం కరుగుతుంది. ఈ గుజ్జును ముందురోజే చేసి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే ఉదయం పని తేలిక.

అన్నం పొడిపొడిగా వండి, వెంటనే వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరచాలి. మన పెద్దలు మెతుకు విడివిడిగా ఉండాలని ఇలా పరిచేవారు. అన్నం త్వరగా చల్లారి సూక్ష్మజీవులకు అవకాశం తగ్గడం ఇందులో కలిసివచ్చిన మేలు. రెండు చెంచాల నువ్వులనూనె వెచ్చజేసి, అర చెంచా పసుపు అందులో కలిపి అన్నంపై పోయాలి. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. పచ్చి కరివేపాకు ఈ దశలోనే వేయాలి. గుజ్జు కలిపి, మరి రెండు చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినపప్పు, పల్లీలు, ఎండుమిరప, ఇంగువలతో పోపు పెట్టాలి. చివరగా చెంచాడు ఆవాలు, అల్లంముక్క కొద్ది నీటితో నూరి, అన్నం పూర్తిగా చల్లారిన తరువాతనే కలపాలి. వేడిమీద కలిపితే ఘాటు ఎగిరిపోతుంది. ఆవ పెట్టని పులిహోర నా దృష్టిలో సగం పులిహోరే.

పసుపు విషయంలో అశ్రద్ధ కూడదు. కొమ్ములు కొని, దంచి, జల్లెడ పట్టుకొనడం ఉత్తమం. కొన్ని ప్రాంతాలలో కొమ్ములకు మెరుపు కోసం సీసం కలిగిన లెడ్ క్రోమేట్ పూయడం బయటపడింది. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. కనుక అతిగా నిగనిగలాడే కొమ్ములను వదిలివేయాలి. సున్నం తగిలితే పసుపు ఎర్రబారుతుందని పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. పులుపులో మాత్రం దాని పచ్చదనం చెక్కుచెదరదు.

అన్నం వేడిగా ఉండగా డబ్బా మూత బిగించరాదు. ఆవిరి నీరై మెతుకు చెమ్మగిల్లుతుంది, త్వరగా చెడుతుంది. పొడిగా తుడిచిన అరటి ఆకు అడుగున పరిచి సర్దుకోవచ్చు. తెల్లవారుజామున కలిపినది మధ్యాహ్నానికి తినివేయాలి, రాత్రికి దాచరాదు. ఎండాకాలంలో ఇంకా ముందుగానే ముగించడం క్షేమం.

ఆమ్లపిత్తం, కడుపులో పుండు ఉన్నవారికి పులిహోర సరిపడదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి. మధుమేహులు ఒక కప్పుతో ఆపి, మిగిలిన ఆకలిని కూరలతో తీర్చుకోవాలి.