మామయ్య కారు... మొండికేసిన బ్రేకు!

ఉప్పు సీసా రేకు మూత తుప్పు పట్టి బిగుసుకుపోతే మీరేం చేస్తారు? గుడ్డ పట్టి తిప్పుతారు. రాకపోతే చాకు వెనక వైపుతో చుట్టూ తడతారు. అప్పటికీ రాకపోతే "ఏమండీ... ఒకసారి ఇటొస్తారా" అని పిలుస్తారు. ఆయన వచ్చి, బలమంతా ఉపయోగించి, సీసా పగలగొట్టి వెళతారు! మా ఇంట్లో ఏడాదికోసారైనా జరిగే తంతు ఇది. మొన్నామధ్య మా పాత అంబాసిడర్ కారు దగ్గర కూడా అచ్చం ఇలాగే జరగబోయింది. ఎందుకు జరగలేదో, జరగకపోవడం వల్ల మాకు ఏం దక్కిందో చెప్పాలనే ఈ ముచ్చట.

మాది ఏటూరునాగారం. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా. ఒక పక్క అడవి, ఒక పక్క గోదావరి. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. కిరాణా కొట్టు నడిపే మా మామయ్య 1984లో సెకండ్ హ్యాండులో కొన్నారట. 108 అంబులెన్సులు ఇంకా లేని ఆ రోజుల్లో అర్ధరాత్రి ఎవరింట్లో నొప్పులు మొదలైనా ముందు మా తలుపే తట్టేవారట. వంద కిలోమీటర్లకు పైగా అడవి దారిలో వరంగల్ దాకా ఆయనే నడుపుకుంటూ తీసుకెళ్ళేవారు. "ఆ వెనక సీటుల ముగ్గురు పుట్టిన్రు బిడ్డా" అని మా అత్తమ్మ ఇప్పటికీ గర్వంగా చెబుతుంది.

2012 వేసవి వరకూ ఆ కారుకు ఎదురు లేదు. ఆ ఏడు తాడ్వాయి నుంచి వస్తుంటే రోడ్డుకు అడ్డంగా బర్రెల మంద వచ్చింది. మామయ్య మెల్లగా బ్రేకు తొక్కారు. పెడల్ నేలకు తగిలింది గానీ కారు ఆగలేదు. ఆయన హ్యాండ్ బ్రేకు లాగి, కారును పక్కనున్న పొదల్లోకి తిప్పారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కారులో నా ఒళ్ళో రెండేళ్ళ మా బాబు ఉన్నాడు.

మరునాడు ఒక మెకానిక్ వచ్చి చూశాడు. పెడల్ ను టపటపా నాలుగుసార్లు తొక్కాడు. ఎక్కడికక్కడ గట్టిగా నిలబడింది. "బ్రేకులు మంచిగనే ఉన్నయ్. పెద్దమనిషి కాలు జారి ఉంటది" అన్నాడు. మామయ్య ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ నేనే అన్నాను, "ఇక మీరు నడపకండి మామయ్యా... బాబు ఉన్నాడు కదా" అని. ఆయన తలూపి, తాళం చెవి గోడ మేకుకు తగిలించారు. 2018లో పోయేదాకా మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

అత్తమ్మ మొక్కు

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు షెడ్డులో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే కారు అడుగంతా ఒండ్రు. మా వారు తూకానికి అమ్మేద్దామన్నారు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "2024 జాతరకు ముందు ఈ బండ్లనే మేడారం పోయి తల్లులకు బంగారం ఎక్కిస్త. ఆయన పేరు మీద మొక్కిన. తర్వాత మీ ఇష్టం" అంది. బంగారమంటే బెల్లమేనని మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు.

మొక్కు అన్నాక మా వారు మెత్తబడ్డారు. ములుగు వైపు నుంచి డెబ్భై ఏళ్ళు పైబడిన మెకానిక్ ను పిలిపించారు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు. అంబాసిడర్లంటే ఆయనకు కొట్టిన పిండి. కోల్ కతా దగ్గర ఉత్తర్ పారాలో, ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్ ఫర్డ్ నమూనా మీద తయారైన ఈ కారు 1950ల చివర్లో మొదలై 2014 దాకా వచ్చింది కదా! ఆయన జీవితమంతా వాటి కిందే గడిచింది.

ట్యాంకు కడిగి, కొత్త బ్యాటరీ పెట్టాక వారంలో ఇంజను పలికింది. బ్రేకు పెడల్ మాత్రం రాయిలా ఉంది. కాలు పెట్టి ఎంత తొక్కినా కదలదు. "మాస్టర్ సిలిండర్ పట్టేసింది" అన్నారు ఉస్తాద్.

ఇంతకీ ఏమిటది?

నాకూ తెలియదు, అడిగి తెలుసుకున్నాను. హోలీకి పిల్లలు ఆడే పిచికారీ గుర్తు తెచ్చుకోండి. వెనక నుంచి కడ్డీ నెడితే ముందు నుంచి నీళ్ళు చిమ్ముతాయి. మాస్టర్ సిలిండర్ కూడా అంతే. ఇనప గొట్టంలో ఒక పిస్టను, దాని ముందు 'కప్పు' అని పిలిచే చిన్న రబ్బరు బిళ్ళ. మనం పెడల్ తొక్కితే పిస్టను ముందుకు జరిగి బ్రేకు ఆయిల్ ను సన్నని గొట్టాల్లోకి నెడుతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. ఆ ఒత్తిడే నాలుగు చక్రాల దగ్గరా బ్రేకులు పట్టేలా చేస్తుంది. మా కారులాంటి పాత బళ్ళలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే దారి. ఆ ఒక్క కప్పు చెడితే నాలుగు బ్రేకులూ పోయినట్టే!

మరి ఎందుకు పట్టేసింది? వానాకాలంలో మూత తీసిపెట్టిన ఉప్పు ఏమవుతుంది? గాల్లో తేమ పీల్చి నీరు కారుతుంది. బ్రేకు ఆయిల్ దీ అదే గుణం. పేరుకు ఆయిలే గానీ మనం వాడే నూనెలాంటిది కాదు, తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. మా కారుకు పైనుంచి వరద నీళ్ళు కూడా తోడయ్యాయి.

సన్న చెయ్యి కావాలి

మా కారులో అది ఉన్న చోటు కూడా విచిత్రమే. డ్రైవరు కాళ్ళ కింద రబ్బరు చాప తీసి, నేల రేకు మూత విప్పితే, ఆ కింద ఇరుకులో దాక్కుని ఉంటుంది. బోల్టుల నిండా ఒండ్రు, తుప్పు. మా వారు పెద్ద సుత్తి తెచ్చారు. ఉస్తాద్ తో వచ్చిన కుర్రాడు గ్యాస్ మంటతో కాల్చుదామన్నాడు. ఉస్తాద్ ఇద్దరినీ ఆపారు. "లోపల ఆయిల్ ఉంది. మంట పెడితే అంటుకుంటది, పేలినా పేలుతది. సుత్తితో కొడితే పైపు తెగుతది. మూడు రోజులు ఆగుదాం" అన్నారు.

ఆ మూడు రోజులూ పొద్దునా సాయంత్రం బోల్టుల మొదళ్ళలో డీజిల్, కిరోసిన్ కలిపి చుక్కలు చుక్కలుగా పోయడం నా పని. "పైన బోల్టులకే పొయ్యి బిడ్డా. లోపలికి పోతే రబ్బరు ఉబ్బుతది" అని వందసార్లు చెప్పి వెళ్ళారాయన.

నాలుగో రోజు పని మొదలైంది. చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టి, జాకీతో లేపి, కింద టేకు దుంగలు పేర్చారు. ఒక్క జాకీని నమ్మి కారు కింద దూరకూడదట. లోపలున్న ఆయిల్ తోడేసి, పెడల్ కడ్డీ పిన్ను తీశారు. పైపు నట్టు దగ్గర చిక్కొచ్చింది. ఆయన చెయ్యి ఆ ఇరుకులో పట్టలేదు. మా వారిదీ పట్టలేదు. ఉస్తాద్ నా వైపు చూశారు. "నీ చెయ్యి సన్నగ ఉంది బిడ్డా, జర పెడతవా?"

గాజులు తీసి అత్తమ్మ చేతిలో పెట్టాను. బోర్లా పడుకుని, లోపలికి చెయ్యి పోనిచ్చి, పానా తగిలించాను. విప్పబోతుంటే "ఆగు, ముందు కొంచెం బిగించు" అన్నారు. విప్పాల్సిన దాన్ని బిగించడమేమిటి? అదే కిటుకట. వెంట్రుకవాసి బిగిస్తే తుప్పు పట్టు విడుతుంది. తర్వాత కొంచెం విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి... అలా అరగంటకు 'టిక్' మని వదిలింది. నాకు నిజంగా కళ్ళలో నీళ్ళొచ్చాయి!

పొడవాటి బోల్టులు రెండూ ఇంకా మొండివి. నట్టును చివరి చుట్ల మీదే ఉంచి, దాని మీద చెక్క ముక్క పెట్టి మెల్లగా కొట్టారు. నట్టు తీసేసి కొడితే మరలు అణిగిపోతాయట. మధ్యాహ్నం మూడింటికి సిలిండర్ బయటికొచ్చింది. కిలోల కొద్దీ బరువు కాదు, అరచేతిలో పట్టే ఇనప ముద్ద.

కప్పు చెప్పిన నిజం

పిస్టను లోపలే పట్టేసి ఉంది. గాలి కొట్టి బయటికి నెడితే తూటాలా ఎగిరి మొహానికి తగులుతుందని, ఉస్తాద్ గ్రీజు గన్ను బిగించి మెల్లమెల్లగా నొక్కారు. గోధుమరంగు బురదతో పాటు పిస్టను జారి వచ్చింది. దాని వెనకే రబ్బరు కప్పు.

ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూశారు. అంచు ఒక పక్క గోరంత మేర చిరిగిపోయి ఉంది. చిరిగిన చోటు అరిగి నున్నగా అయింది. "ఇది వరదకు పోయింది కాదు. బండి నడిచే రోజుల్ల చిరిగింది" అన్నారు.

2012 నాటి సంగతి నేను చెప్పాను. ఆ మెకానిక్ తొక్కితే గట్టిగా నిలబడిందని కూడా చెప్పాను. ఆయన వెంటనే అందుకున్నారు. "ఆయన టపటపా తొక్కిండు. జోరుగ తొక్కితే చిరిగిన కప్పు కూడ గోడకు అదుముకుని పట్టుకుంటది. మెల్లగ తొక్కితే ఆయిల్ పక్క నుంచి జారిపోతది, పెడల్ నేలకు పోతది. మీ మామ కాలు ఏం జారలే బిడ్డా."

అత్తమ్మ నా గాజులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి, "ఆరేండ్లు ఆ కాలునే తిట్టుకున్నడు" అంది. నేను తల ఎత్తలేకపోయాను. ఆ మాట అన్నది మెకానిక్ అయినా, దాన్ని నమ్మి తాళం చెవి పెట్టించింది నేనే కదా! పెద్దవాళ్ళ దగ్గర ఏ పొరపాటు జరిగినా మనం మొదట వయసునే అనుమానిస్తాం. వస్తువును తర్వాత చూస్తాం. ఆ రోజు ఒక్క గంట ఓపిగ్గా అది విప్పించి ఉంటే... ఇప్పుడు అనుకుని ఏం లాభం?

చెప్పులు కుట్టే అతని తోలు

ఉస్తాద్ కు టీ ఇస్తూ, నేను చదివిన ఒక సంగతి చెప్పాను. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, కారు కనిపెట్టిన తన భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో మన్ హైమ్ నుంచి ఫోర్జ్ హైమ్ లోని పుట్టింటికి వంద కిలోమీటర్ల పైచిలుకు ఆ బండి మీద వెళ్ళింది. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే, చెప్పులు కుట్టే అతనితో వాటికి తోలు కొట్టించింది. బ్రేకులకు లైనింగ్ వెయ్యాలన్న ఆలోచన అక్కడిదే. ఉస్తాద్ నవ్వి, "ఆడోళ్ళకు బండి ఆగుడు ముఖ్యం, మొగోళ్ళకు ఉరుకుడు ముఖ్యం" అన్నారు. మా వారు విననట్టు ఊరుకున్నారు!

సిలిండర్ లోపల గుంటలు పడ్డాయి. బాగుచేసినా నమ్మలేమని వేరేది తెప్పించి బిగించారు. గొట్టాల్లో గాలి తీసేటప్పుడు అత్తమ్మే డ్రైవరు సీట్లో కూర్చుంది. ఉస్తాద్ కింద నుంచి "తొక్కు... పట్టు... వదులు" అంటుంటే, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నాలుగు చక్రాలకూ ఆవిడే తొక్కింది.

మీ ఇంట్లోనూ చూసుకోండి

కారు ఆపి ఉన్నప్పుడు బ్రేకు పెడల్ ను మెల్లగా నొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. పాదం కిందికి జారిపోతూ ఉంటే ఆ బండి రోడ్డెక్కించకండి. బ్రేకు ఆయిల్ రెండేళ్ళకోసారి మార్పించండి, సీసా మూత తీసి ఉంచిన పాత ఆయిల్ పోయించకండి. డిస్కు బ్రేకు ఉన్న స్కూటర్లకూ ఇదే ఆయిల్. హ్యాండిల్ దగ్గర చిన్న అద్దంలో మట్టం కనిపిస్తుంది. అది తగ్గినా, ఆయిల్ నల్లబడినా చూపించండి. ఈ ఆయిల్ రంగును తినేస్తుంది, కారు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కాగితాలు సరిచేసుకుని, 2024 జాతరకు పదిహేను రోజుల ముందే మేడారం బయల్దేరాం. మా వారు నడిపారు. అత్తమ్మ ముందు సీట్లో, ఒళ్ళో బెల్లం ముద్దలు. తాడ్వాయి దారిలో ఆ పొదల దగ్గరికి రాగానే "ఆపు బిడ్డా" అంది. మా వారు మెల్లగా బ్రేకు తొక్కారు. కారు ఆగింది. ఆవిడ కాసేపు అటే చూసి, "ఊఁ, పోనియ్" అంది.

చిరిగిన ఆ రబ్బరు కప్పును పారెయ్యలేదు. మామయ్య ఫోటో కింద మేకుకు, తాళం చెవి పక్కనే తగిలించాను.