అద్దె విమానంలో లాస్ వేగాస్

అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. ఆనాటి చిన్న ఎడారి ఊరు లాస్ వేగాస్ నేడు జగమెరిగిన వినోద నగరం. చిన్న జెట్ విమానాన్ని మొత్తంగా అద్దెకు మాట్లాడుకుని అక్కడికి వెళ్ళేవారు ఎందరో. లాస్ ఏంజెలిస్ నుంచి ప్రయాణం దాదాపు గంట.

ఇందులో టిక్కెట్ల లెక్క లేదు. ఒక్కరెక్కినా ఎనిమిదిమంది ఎక్కినా విమానానికంతటికీ అద్దె కట్టాలి. అది ఖాళీగా తిరిగి వెళ్ళే ఖర్చు కూడా సాధారణంగా మనమీదే పడుతుంది. మన ఊళ్ళో టాక్సీకి రానూపోనూ బాడుగ ఇచ్చినట్టే! ఆ ఖాళీ ట్రిప్పును కొందరు తక్కువ ధరకు అమ్ముతారు. అసలు ప్రయాణం రద్దయితే అదీ రద్దే. దేశంలోపలి ప్రయాణమైతే అద్దెమీద 7.5 శాతం కేంద్ర పన్ను అదనం. పెద్ద వేడుకలప్పుడు విమానం నిలిపే చోటుకూ కరువే. 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ పోటీకి ముందుగా రిజర్వు చేసుకోవలసి వచ్చింది.

ధర సరే, భద్రత మాటేమిటి? డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకునే ఇలాంటి సంస్థకు అక్కడి విమానయాన శాఖ ఇచ్చే 'పార్ట్ 135' ధ్రువపత్రం ఉండాలి. పైలట్ల శిక్షణకూ విశ్రాంతికీ విమానం మరమ్మతులకూ అందులో గట్టి నిబంధనలున్నాయి. 2019 జనవరిలో ఫ్రాన్స్ నుంచి బ్రిటన్ వెళుతూ ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా మరణించిన విమానానికి అలాంటి అనుమతి లేదు. నడిపినవాడికి వాణిజ్య లైసెన్సూ లేదు.

అమెరికాలోని మన పిల్లలు సరదాపడి ఇలాంటి ప్రయాణం తలపెడితే ఒక్కమాట చెప్పండి. విమానం నడిపే సంస్థ పేరు, దాని ధ్రువపత్రం, బీమా వివరాలు కాగితంమీద చూసుకున్నాకే బయానా ఇవ్వాలి.