వార్తల్లో పదం: షిన్రిన్-యోకు

సింగపూర్‌లోని మెక్‌రిచీ రిజర్వాయర్ చుట్టూ ఉన్న అడవి బాటల్లో పరుగెత్తేవాళ్లకు కొదవ లేదు. షిన్రిన్-యోకు కోసం వచ్చినవాళ్లు మాత్రం అదే దారిలో నత్తనడక నడవాలి. జపనీస్‌లో ఆ మాటకు అర్థం ‘అడవి స్నానం’. నీళ్లు, సబ్బు అక్కర్లేని స్నానమిది. ఫోను పక్కన పెట్టి, ఆకుల వాసన, పక్షుల కూతలు, చెమ్మగాలి ఒంటికి పట్టించుకోవడమే పని.

ఏ బౌద్ధ మఠంలోనో పుట్టిన మాటలా వినిపిస్తుంది గానీ, దీని పుట్టిల్లు ప్రభుత్వ కార్యాలయం! 1982లో జపాన్ అటవీ సంస్థ అధిపతి తొమొహిదె అకియామా దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. నగరవాసులను అడవి బాట పట్టించాలన్నది ఆలోచన. పరిశోధనలు ఆ తర్వాత వచ్చాయి. చెట్లు వెదజల్లే ఫైటోన్‌సైడ్లు అనే రసాయనాలు రోగనిరోధక కణాలకు మేలు చేస్తాయని జపాన్‌లోని పరిశోధకుడు డాక్టర్ చింగ్ లీ బృందం చెప్పింది. అయితే వారి తొలి ప్రయోగాల్లో ఒకదానిలో పాల్గొన్నది 12 మంది పురుషులే. కాబట్టి మాత్రలు మానేయాల్సిన పని లేదు.

సింగపూర్ నేషనల్ పార్క్స్ బోర్డు 2016లో హార్ట్‌పార్క్‌లో తొలి చికిత్సా ఉద్యానం తెరిచింది. వృద్ధులనూ, మతిమరుపు వ్యాధి ఉన్నవారినీ దృష్టిలో పెట్టుకున్న తోట అది. షిన్రిన్-యోకుకు దగ్గరి చుట్టం.

ఇక వాడుక. ‘ఆదివారం మెక్‌రిచీలో షిన్రిన్-యోకు చేశాం’ అనొచ్చు. పది కిలోమీటర్ల ట్రెక్కింగ్‌కూ, పులిహోర పొట్లాల వనభోజనానికీ ఆ పేరు అతకదు. పైగా మెక్‌రిచీలో సంచి కనిపిస్తే కోతులు వదలవు, వాటికి తిండి పెడితే జరిమానా తప్పదు.