తిమ్నా కొలుములు ఎందుకు చల్లారాయి?

ఇశ్రాయేలు దక్షిణపు కొసన, ఏలతు పట్టణానికి ఉత్తరంగా సుమారు 25 కి.మీ. దూరంలో తిమ్నా లోయ ఉంది. అక్కడి తెల్లని ఇసుకరాతిలో రాగిరాయి పచ్చని గడ్డలుగా దొరుకుతుంది. దానికోసం పూర్వులు వేలకొద్దీ సన్నని బావులు తవ్వి, దిగడానికి గోడల్లోనే కాలిమెట్లు చెక్కుకున్నారు. 1930లలో నెల్సన్ గ్లూక్ వీటిని సొలొమోను కాలపు గనులన్నాడు. కాలం సరిపోయింది గాని, పని నడిపినవారు ఎదోమీయులై ఉంటారని ఇప్పటి పరిశోధకులు అనేకుల అభిప్రాయం.

తవ్వడం కంటె కరిగించడమే కష్టం. మట్టికొలిమిలో తిత్తులతో ఊదుతూ సుమారు 1,200 డిగ్రీల వేడి నిలపాలి. అంత బొగ్గుకు ఎడారిలో చెట్లెక్కడివి? ఉన్న తుమ్మలనే (మందసము చేసిన కఱ్ఱ ఈ జాతిదే) నరికారు. అక్కడి బొగ్గుముక్కల పరీక్షా ఫలితాలు 2022లో వెలువడ్డాయి. పాతపొరల్లో బాగా మండే తుమ్మ, పైపొరల్లో నాసిరకం కట్టె! క్రీ.పూ. 9వ శతాబ్దంలో కొలుములు ఆరిపోయాయి. రాయి మాత్రం అయిపోలేదు. 20వ శతాబ్దంలో అదే లోయలో మళ్లీ రాగి తవ్వారు.