వెబ్ సర్వరు : ఆదేశముల అమరిక

కంప్యూటరుపై ఒక చిరునామాను టైపు చేసి మీట నొక్కినంతనే కోరిన పుట తెరపై ప్రత్యక్షమగుచున్నది. ఎక్కడనో యొక కంప్యూటరులో నిరంతరము మేలుకొనియుండు ఒక ప్రోగ్రాము మన కోరికను అందుకొని, తగిన పుటను వెదకి పంపుటచే ఇది సాధ్యమగుచున్నది. ఆ ప్రోగ్రామునే వెబ్ సర్వరు అందురు. మొట్టమొదటి వెబ్ సర్వరును టిమ్ బెర్నర్స్-లీ 1990 చివర జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో నడిపెను.

అయితే పుటలు ఏ ఫోల్డరులో నున్నవి, కోరికలను ఏ పోర్టునొద్ద వినవలెను, ఎవరిని లోనికి రానీయవలెను అను విషయములు సర్వరుకు తమంత తాముగా తెలియవు. మనమే వ్రాసి యుంచవలెను. ఇట్టి ఆదేశములు గల ఫైళ్లకు కాన్ఫిగరేషన్ ఫైళ్లని పేరు. సామాన్యముగా 80వ పోర్టు బహిరంగముగా సాగు సంభాషణకును, 443వ పోర్టు రహస్యలిపిలో సాగు సంభాషణకును వాడుదురు.

ఒకే సర్వరు పెక్కు సైట్లకు ఆశ్రయ మీయగలదు. ఉదాహరణమునకు ఒక కళాశాల సైటు, దాని గ్రంథాలయ సైటు, పరీక్షా ఫలితముల సైటు ఒకే యంత్రములో నున్నవనుకొందము. మూడింటి సంఖ్యా చిరునామాయు ఒక్కటే. మరి వచ్చిన కోరిక దేనికి చెందినదో సర్వరు ఎట్లు గ్రహించును? ఒకే యింట మూడు కుటుంబము లున్నప్పుడు తపాలా జవాను కవరుపైని పేరు చూచును గదా! అట్లే ప్రతి కోరికలోను సైటు పేరు ఉండవలెనని 1997లో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నియమావళి విధించినది.

ఇక ఈ ఆదేశముల నెట్లు అమర్చవలెను? 1990వ దశకపు తొలినాళ్లలో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున రాబ్ మెకూల్ రచించిన సర్వరులో ముఖ్యమైన ఆదేశములు మూడు ఫైళ్లుగా నుండెడివి: యంత్రమునకు సంబంధించిన వొకటి, పుటలకు సంబంధించిన వొకటి, అనుమతులకు సంబంధించిన వొకటి. 1995లో దాని నుండి పుట్టిన అపాచీ సర్వరు మొదట ఈ పద్ధతినే అనుసరించినది. కాని ఏ ఆదేశమునైనను ఏ ఫైలులో నైనను వ్రాయుటకు వీలుండుటచే, వెదకువారికి తికమక కలిగెడిది. కావున 1.3.4వ కూర్పు నుండి అన్నిటిని ఒకే ఫైలులో చేర్చిరి.

సైట్లు పెరిగినకొలది ఆ ఒక్క ఫైలు కొండవలె పెరుగును. అందుచే డెబియన్ లినక్స్‌లో మరియొక ఏర్పాటు చేసిరి. ప్రతి సైటునకు ఒక చిన్న ఫైలు; ఈ ఫైళ్లన్నియు ‘సిద్ధముగా నున్న సైట్లు’ అను అర్థము గల ఫోల్డరులో నుండును. ‘అమలులో నున్న సైట్లు’ అను అర్థము గల రెండవ ఫోల్డరులో ఆ ఫైళ్లను చూపు లింకులు మాత్రమే యుండును. సర్వరు చదువునది ఈ రెండవ దానినే. ఒక సైటును ఆపవలెనన్న లింకు తీసివేసి, ఆదేశములను మరల చదువుమని సర్వరునకు చెప్పిన చాలును. అసలు ఫైలు చెక్కు చెదరదు.

ఇచ్చట ఒక మెలకువ అవసరము. అపాచీ ఈ ఫైళ్లను అక్షర క్రమమున చదువును. కోరికలోని పేరు ఏ సైటుతోను సరిపోనిచో, ముందుగా చదివిన సైటునే ఇచ్చును. అందువలననే డెబియన్‌లో మొదటి ఫైలు పేరు మూడు సున్నలతో ఆరంభమగును. తెలియక మరియొక ఫైలునకు అంతకంటె ముందు వచ్చు పేరు పెట్టినచో, కళాశాల పుట కనబడవలసినచోట గ్రంథాలయపు పుట కనబడవచ్చును.

పుటలున్న ఫోల్డరులలోనే చిన్న ఆదేశ ఫైళ్ల నుంచు సౌకర్యమును అపాచీలో గలదు. సర్వరును తిరిగి ప్రారంభింప కుండగనే మార్పు అమలగుట దీని లాభము. కాని ఆ సౌకర్యమును అనుమతించినచో, ప్రతి కోరికకును సర్వరు పై ఫోల్డరు మొదలు అడుగు ఫోల్డరు వరకు ఇట్టి ఫైళ్లకై వెదకవలసి వచ్చును. కాలము వ్యర్థము, ఆదేశములును చెదరిపోవును. ముఖ్య ఫైళ్లను మార్చు అధికారము గలవారు దీనిని వాడకుండుటే మేలు.

ఫలితములు వెలువడు నాడు ఎవరో ఒక ఫైలును సవరించి ఒక బ్రాకెట్టును మూయుట మరచినారనుకొనుడు. సర్వరును ఆపి మరల ప్రారంభింపబోగా అది ప్రారంభమే కాదు. తప్పు ఒక సైటుదైనను మూడును మూతపడును. వేలాది విద్యార్థులు తెర ముందు కాచుకొని యుందురు. దీనిని నివారించుటకు ఆదేశములను ముందుగా పరీక్షించు సాధనములు అపాచీలోను, 2004లో ఇగోర్ సిసోయెవ్ వెలువరించిన ఎంజిన్‌ఎక్స్ సర్వరులోను గలవు. ఎంజిన్‌ఎక్స్‌ను ఆపకుండ కొత్త ఆదేశములు చదువుమన్నప్పుడు వానిలో తప్పున్నచో, అది పాత ఆదేశములతోనే పని సాగించును.

ఐనను ఈ పరీక్ష వ్యాకరణ దోషములనే పట్టగలదు, భావ దోషములను పట్టలేదు. వాక్యము నిర్దుష్టముగా నుండియు అసత్యము కావచ్చును గదా! ఫలితముల సైటునకు గ్రంథాలయపు ఫోల్డరును చూపినచో యంత్రము ‘సరియే’ యనును. కాబట్టి సైటునకొక ఫైలు, ప్రతి మార్పునకు కారణము తెలుపు ఒక వాక్యము, మార్పునకు ముందు ఒక ప్రతి, పిదప స్వయముగా పుట తెరచి చూచుట: ఈ నాలుగును అలవరచుకొనవలెను. నేడు వ్రాసినవాడు రేపు అచ్చట లేకపోవచ్చును. తరువాత వచ్చువాడు చదివి గ్రహింపగలిగినదే మంచి అమరిక.