డిప్రెషన్ మాత్రలు: కంపెనీలు దాచినవి, జనం అనుకునేవి

అపోహ: పేరున్న మెడికల్ జర్నల్‌లో వచ్చిందంటే ఇక తిరుగులేదు.

మరి రానివాటి సంగతి? అమెరికాలో కొత్త మందు అమ్మాలంటే కంపెనీ తన ట్రయల్స్ ఫలితాలను అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముందు పెట్టాలి. జర్నల్‌కు ఏది పంపాలో, ఏది బీరువాలో పెట్టాలో మాత్రం చాలాకాలం కంపెనీ ఇష్టంగానే నడిచింది. ఒకప్పుడు ఎఫ్‌డీఏలో పనిచేసిన సైకియాట్రిస్టు ఎరిక్ టర్నర్, 12 డిప్రెషన్ మందులకు సంబంధించి అక్కడున్న 74 ట్రయల్స్‌ను తన బృందంతో కలిసి బయటికి తీసి, జర్నళ్లలో వచ్చినవాటితో సరిచూశారు. ఆ ఫలితాలు 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మందు పనిచేసిందని ఎఫ్‌డీఏ తేల్చిన ట్రయల్స్ 38. ఒక్కటి తప్ప అన్నీ అచ్చయ్యాయి. మిగతా 36లో 22 ఎక్కడా అచ్చు కాలేదు. 11 అచ్చయ్యాయి గానీ, మందు గెలిచిందనిపించేలా రాశారు. ఉన్నదున్నట్టు చెప్పినవి మూడే. అంటే జర్నళ్లే చదివే డాక్టరుకు నూటికి 94 ట్రయల్స్ గెలిచినట్టు కనిపిస్తాయి, ఎఫ్‌డీఏ లెక్కలో అవి 51. ఇక్కడ రోగితోపాటు చీటీ రాసే డాక్టరూ మోసపోయాడు. ఆయన్ని తిట్టేముందు ఇది గుర్తుంచుకోవడం న్యాయం.

అపోహ: అయితే ఈ మందులన్నీ బూటకమే.

టర్నర్ పరిశోధన చూపించే ఇలా వాదిస్తారు కొందరు. చివరిదాకా చదివినట్టు లేరు. దాచినవాటిని కలిపి లెక్కేసినా 12 మందుల్లో ప్రతిదీ డమ్మీ మాత్ర (మందు లేని ఉత్తి మాత్ర) కంటే మెరుగ్గానే తేలింది. కాకపోతే ఆ మెరుగును జర్నళ్లు సగటున 32 శాతం పెంచి చూపించాయి. 2018లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ అచ్చు కాని ఫలితాలను కూడా వెతికి చేర్చుకుంది: 522 ట్రయల్స్, లక్షా 16 వేలకు పైగా పెద్దవాళ్లు, 21 మందులు. అన్నీ డమ్మీ కంటే మేలు. తేడా మాత్రం ఒక మోస్తరే.

అపోహ: పెద్దవాళ్లకు పనిచేసిన మందు డోసు తగ్గించి పిల్లలకు ఇస్తే సరిపోతుంది.

పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు కథ వినండి. అమెరికాలో పాక్సిల్, బ్రిటన్‌లో సెరాక్సాట్ పేరుతో అమ్మారు. 275 మంది టీనేజర్లపై చేసిన ట్రయల్ (స్టడీ 329) గురించి 2001లో వచ్చిన వ్యాసం, మందు పనిచేస్తుందనీ పిల్లలు బాగానే తట్టుకుంటారనీ చెప్పింది. అంతకు మూడేళ్ల ముందే, 1998లో, కంపెనీ లోపలి నోట్ ఒకటి పనిచేసినట్టు రుజువు కాలేదని బయటికి చెప్తే వ్యాపారానికి దెబ్బ అని హెచ్చరించింది. 2003లో బ్రిటన్ 18 ఏళ్లలోపు వారి డిప్రెషన్‌కు ఈ మందు వద్దంది. 2004లో న్యూయార్క్ రాష్ట్రం దీని తయారీ సంస్థ గ్లాక్సోస్మిత్‌క్లైన్‌పై దావా వేస్తే, 25 లక్షల డాలర్లు కట్టి, ట్రయల్స్ ఫలితాలు బయటపెడతామని కంపెనీ రాజీపడింది. 2012లో పాక్సిల్‌తో సహా పలు మందుల వ్యవహారంలో 300 కోట్ల డాలర్లు కట్టింది. 2015లో వేరే పరిశోధకులు అవే రికార్డులను తిరగేసి మెడికల్ జర్నల్ బీఎంజేలో రాశారు: మందు డమ్మీని మించలేదు, ఆత్మహత్య ఆలోచనల వంటి హాని ఎక్కువైంది.

అలాగని పిల్లలకు ఏ మందూ పనికిరాదని కాదు. ఫ్లూఆక్సెటిన్‌కు ఎఫ్‌డీఏ అనుమతి ఉంది, ఆత్మహత్య ఆలోచనల గురించిన హెచ్చరికతో సహా. కొత్తగా మందు మొదలుపెట్టిన వారాల్లో ఇంట్లోవాళ్లు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి.

అపోహ: మందు ఆపగానే తేడా చేసిందంటే జబ్బు తిరగబెట్టినట్టే.

కావచ్చు, కాకపోవచ్చు. కళ్లు తిరగడం, వికారం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టుండటం ఆపినందువల్ల కూడా వస్తాయి. కొందరిలో ఇవి తీవ్రంగా, నెలల తరబడి ఉండొచ్చని బ్రిటన్ సైకియాట్రిస్టుల రాయల్ కాలేజీ 2019లో ఒప్పుకుంది. పేపర్లో ఏదో చదివి రేపటినుంచి మాత్ర మానేస్తానంటే మాత్రం ప్రమాదమే. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి.

అపోహ: కంపెనీల ముందు మనమెంత?

మన దేశంలో మందుల ట్రయల్స్‌ను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. ఆ వివరాలు ఎవరైనా చూడొచ్చు. మందు వల్ల ఇబ్బంది కలిగితే రోగి నేరుగా మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు. డాక్టరే చేయాలనేం లేదు. మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ, ఏమైందో కాగితం మీద రాసుకుని ఫోన్ చేస్తే పని తేలిక.