మీకు తెలుసా? నవల అట్టపై సహ రచయితగా పిల్లి

అమెరికన్ రచయిత్రి రీటా మే బ్రౌన్ 1990లో వెలువరించిన 'విష్ యు వర్ హియర్' అనే అపరాధ పరిశోధక నవల అట్టపై, ఆమె పేరుతో పాటు సహ రచయితగా ఆమె పెంపుడు పిల్లి 'స్నీకీ పై బ్రౌన్' పేరు కూడా అచ్చయింది. ఆ వరుసలో తర్వాత వచ్చిన నవలలపైనా ఈ జంట పేర్లే కొనసాగాయి.

రక్తపాత వర్ణన తక్కువగా ఉండి, చిన్న ఊరిలో జరిగిన హత్య చిక్కుముడిని పోలీసులు కాని సామాన్యులే విప్పే ఇటువంటి నవలలను 'కోజీ మిస్టరీ' అంటారు. వర్జీనియా రాష్ట్రంలో నిజంగానే ఉన్న క్రోజే అనే ఊరిలో నడిచే ఈ కథలో, పోస్టాఫీసు నడిపే హ్యారీ అనే యువతి హంతకుడి జాడ తీయడానికి పూనుకోగా, ఆమె పిల్లి మిసెస్ మర్ఫీ, కోర్గీ జాతి కుక్క టక్కర్ తమలో తాము మాట్లాడుకుంటూ, వాసన పట్టి ఆధారాలు పసిగడుతూ ఉంటాయి. ఆ సంభాషణ పాఠకులకు మాటలుగానే అందుతుంది గాని కథలోని మనుషులకు వట్టి మ్యావులుగా, మొరుగులుగా మాత్రమే వినిపిస్తుంది. దొరికిన ఆధారాన్ని యజమానురాలికి ఎలా తెలపాలో తోచక ఆ మూగజీవాలు పడే ఆరాటమే, హత్యా రహస్యాన్ని మించి, ఈ నవలలకు అసలైన ఉత్కంఠను సమకూరుస్తుంది.